పాత కెమెరాని బీరువాలోంచి తీసి విప్పండి

ఇంట్లో తాతగారిదో మేనమామదో ఒక పాత ఫిల్మ్ కెమెరా ఉంటే మనవాళ్ళు దాన్ని లెదర్ కేసులో పెట్టి, ఆ కేసుకి ప్లాస్టిక్ కవరు చుట్టి, బీరువాలో పట్టుచీరల కింద దాస్తారు. ఎవరైనా అడిగితే "అది ఎప్పుడో చెడిపోయిందిలే, గుర్తుగా ఉంచుకున్నాం" అంటారు. అలాంటి కెమెరాలు కొన్ని చేతిలోకి తీసుకుని చూశాక నాకు గట్టిగా అనిపించిన మాట ఇక్కడ రాస్తున్నాను. వాటిలో చాలావాటికి విరిగిందీ లేదు, అరిగిందీ లేదు. దాచిపెట్టడం వల్లే మూలపడ్డాయి. వాటికి కావలసింది చాలావరకు శుభ్రం చేయడమే. ఆ పని ఓపికున్న వాళ్ళు ఎవరైనా ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు, చేసుకోవాలి కూడా. "ముట్టుకోకు, పాడైపోతుంది" అన్న మాట ప్రేమతోనే అంటారు. కానీ ఆ మాట వల్ల పాడైనన్ని కెమెరాలు కింద పడి కూడా పాడై ఉండవని నా నమ్మకం.

నేనుండేది చెన్నైలో, సాలిగ్రామంలో. ఈ ఊరి గాలి సంగతి ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఏడాదిలో చాలా నెలలు తేమ 70 శాతం దాటే ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు పడే రోజుల్లో బీరువాలో బట్టలు కూడా చెమ్మ వాసన వేస్తాయి. లెన్సు మీద ఫంగస్ పెరగడానికి 60, 65 శాతం తేమ చాలు. దానికి తోడు చీకటి, కదలని గాలి, తినడానికి కాస్త దుమ్మో జిడ్డో ఉంటే ఇక అడ్డే ఉండదు. ఇవన్నీ ఒకేచోట దొరికేది లెదర్ కేసులోనే. తోలు తేమని పీల్చుకుని పట్టి ఉంచుతుంది. పైన ప్లాస్టిక్ కవరు చుట్టామంటే ఆ తేమ బయటికి పోయే దారి కూడా మూసేసినట్టే. మొదట్లో ఫంగస్ లెన్సు అంచున సన్నటి తీగలా మొదలవుతుంది, టార్చి వేస్తే తప్ప కనపడదు. ఆ దశలో తుడిస్తే పోతుంది. అలాగే వదిలేస్తే అది వదిలే ఆమ్లం ముందు గాజు మీది పూతని, తర్వాత గాజునే తినేస్తుంది. అప్పుడు ఎంత మంచి మెకానిక్ అయినా చేయగలిగింది లేదు. అంటే "ఎప్పుడైనా చూద్దాంలే" అని వాయిదా వేసిన ప్రతి వానాకాలం ఆ లెన్సు ఖాతాలో పడుతుంది.

ఫోటో తీసేటప్పుడు వెలుతురుని ఒక క్షణం లోపలికి వదిలి మూసుకునే షట్టర్ కథా అంతే. లోపల వేసిన నూనె, గ్రీజు ఏళ్ళ తరబడి కదలిక లేకపోతే పేరుకుపోయి బంకలా తయారవుతాయి. వారం వారం వాడే కెమెరాలో ఆ నూనెకి గడ్డకట్టే తీరిక దొరకదు.

మా మామయ్యకి గూడూరులో ఫోటో స్టూడియో ఉండేది. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, స్కూలు గ్రూపు ఫోటోలు. ఆయన మెడలో వేలాడింది యాషికా మ్యాట్ 124జి. రెండు లెన్సుల కెమెరా. పై లెన్సు చూడ్డానికి, కింది లెన్సు ఫోటో తీయడానికి. నడుము దగ్గర పట్టుకుని, తల వంచి, బొమ్మ పడే గరుకు గాజు పలకలోకి (గ్రౌండ్ గ్లాసు) చూస్తూ తీయాలి. యాషికా కంపెనీ 1957లో మొదటి యాషికా మ్యాట్ తెచ్చింది, ఈ 124జి 1970 నుంచి 1986 దాకా తయారైంది. 120 రీలు వేస్తే 12 ఫోటోలు, 220 వేస్తే 24, చదరపు నెగెటివ్. మామయ్య దాన్ని పారిస్ కార్నర్ దగ్గర బర్మా బజారులో కొన్నాడు. మద్రాసు నుంచి గూడూరుకి ఆ కెమెరాని ఒళ్ళో పెట్టుకుని రైల్లో వచ్చాడని అమ్మ చెప్పేది.

మామయ్య పోయాక అత్తయ్య దాన్ని నా చేతిలో పెడుతూ "నీకిస్తా ఉన్నా గానీ, విప్పి పారేయబాకమ్మే, ఆయన గుర్తు" అంది. ఆ మాటకి నేను విలువ ఇవ్వలేదని ఎవరూ అనుకోవద్దు. దాని మీద చాలా ఆలోచించాను. మామయ్య ఆ కెమెరాని ఎప్పుడూ పూజలో పెట్టలేదు. ముహూర్తాల సీజను మొదలయ్యే ముందు మద్రాసు తెచ్చి విప్పించి, కడిగించి తీసుకెళ్ళేవాడు. అది ఆయనకి అన్నం పెట్టిన పనిముట్టు. దాని షట్టర్ తిరగాలి, లెన్సులో మచ్చ ఉండకూడదు, అంతే ఆయన పట్టుదల. మరి ఆయన గుర్తుని నిలబెట్టాలంటే షట్టర్ ఇరుక్కుపోయిన డబ్బాని అద్దాల బీరువాలో పెట్టాలా, అది మళ్ళీ ఫోటో తీసేలా చేయాలా? అత్తయ్యతో ఇదే అన్నాను. ఆమె కాసేపు ఊరుకుని, "నీ ఇష్టం, స్క్రూలు మాత్రం పోగొట్టబాక" అంది.

స్క్రూడ్రైవర్ పట్టుకోకముందు చేయాల్సిన పని ఒకటుంది. చాలామంది దాన్ని దాటేస్తారు. కెమెరాని వినాలి, చూడాలి, ప్రతి మీటా నెమ్మదిగా కదిపి, ఏది పనిచేస్తోందో ఏది చేయడం లేదో ఒక కాగితం మీద రాసుకోవాలి. మామయ్య యాషికాలో 1/500, 1/250, 1/125 దగ్గర (షట్టర్ సెకనులో అన్నో వంతు సేపు తెరిచి ఉంటుందని ఈ అంకెల అర్థం) షట్టర్ టక్కుమని తెరుచుకుని మూసుకుంటోంది. 1/30 దగ్గర కాస్త తడబాటు. 1/8 దగ్గర బద్ధకంగా మూసుకుంటోంది. ఒక సెకను దగ్గర తెరుచుకున్న రేకులు అలాగే ఉండిపోయాయి. ఈ వరుసే జబ్బేమిటో చెప్పేస్తుంది. వేగంగా కొట్టేటప్పుడు షట్టర్‌కి స్ప్రింగ్ బలం చాలు. నిదానంగా మూసుకోవాలంటే మాత్రం లోపల చిన్న చిన్న పళ్ళ చక్రాల వరుస ఒకటి స్ప్రింగ్‌ని ఆపి ఆపి వదలాలి. పై వేగాలు బాగుండి కింది వేగాలు చచ్చుబడ్డాయంటే స్ప్రింగ్ బాగానే ఉంది, రేకులూ బాగానే ఉన్నాయి, ఆ చక్రాల దగ్గర మురికి పేరుకుందన్నమాట. ఏదో విరిగితే ఇంత క్రమంగా చెడిపోదు.

నా లెక్క సరైనదో కాదో తెలుసుకోవడానికి కోడంబాక్కంలో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. తెలుగు సినిమాలు ఇక్కడే తీసే రోజుల్లో స్టిల్ ఫోటోగ్రాఫర్ల కెమెరాలు బాగుచేసిన మనిషి. సినిమా హైదరాబాదుకి తరలిపోయినా ఆయన వెళ్ళలేదు. కెమెరాని చెవి దగ్గర పెట్టుకుని, ఒక సెకను దగ్గర క్రాంక్ (రీలు తిప్పే పిడి) తిప్పి, నొక్కి, కళ్ళు మూసుకుని విన్నాడు. మళ్ళీ నొక్కాడు. "మురికేనమ్మా, ఇంకేం లేదు. నేను చేద్దామంటే చూపు ఆనడం లేదు. నువ్వే చేసుకో. కానీ ఒకటి గుర్తుపెట్టుకో, నూనె వేయొద్దు. ఉన్న నూనె తీయి" అన్నాడు. పాత కెమెరాల గురించి నేను విన్నవాటిలో ఇంత పనికొచ్చిన మాట మరొకటి లేదు. ఇరుక్కున్నదేదైనా కనిపిస్తే మన చెయ్యి ముందు నూనె డబ్బా మీదికే పోతుంది. తలుపు బందుకి అది సరే. లీఫ్ షట్టర్‌లో రేకులు కాగితం కన్నా పల్చగా ఉంటాయి. ఒక చుక్క నూనె చేరినా ఒకదానికొకటి అంటుకుపోతాయి. తుప్పు వదిలించే స్ప్రే కొట్టిన షట్టర్లు కూడా చూశాను, ఆ రోజుకి పనిచేస్తాయి, తర్వాత మునుపటికన్నా గట్టిగా బిగుసుకుంటాయి.

"ఇంట్లో అందరూ విప్పుకుంటూ కూర్చుంటే మెకానిక్కుల పొట్ట కొట్టినట్టు కాదా" అని ఒక స్నేహితుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. కానీ ఆ పొట్ట ఎప్పుడో కొట్టేశారు. ఊరూరా ఫోటో స్టూడియోలు డిజిటల్‌కి మారినప్పుడే ఈ పని పోయింది. చెన్నైలో ఫిల్మ్ కెమెరా విప్పగల చేతులు ఇప్పుడు బహు కొద్ది. వాటిలో చాలా చేతులకి వయసు మీదపడింది. వాళ్ళ పిల్లలు మొబైల్ షాపులు పెట్టుకున్నారు, అందులో తప్పేం లేదు. ఇక మిగిలింది ఆ విద్య ఎవరికి చేరాలన్న ప్రశ్న. కూలి కోసం నేర్చుకునేవాళ్ళు రారు, వచ్చినా వాళ్ళకి బతుకు గడవదు. ఇష్టంతో నేర్చుకునేవాళ్ళకి చేరాలి, అంటే ఇళ్ళల్లోకి రావాలి. ఆ పెద్దాయన దగ్గర కూర్చుని ఆయన చెప్పింది రాసుకుని, అడిగినంత ఇచ్చి వచ్చాను. బాగుచేసినందుకు కాకపోయినా నేర్పినందుకు డబ్బివ్వడం కూడా గౌరవమే. మీ ఊళ్ళో అలాంటి మనిషి ఉంటే పని చేయించుకోవడానికే కాదు, పక్కన కూర్చుని చూడ్డానికి కూడా వెళ్ళండి.

ఇక పనిముట్లు. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ సామాన్ల బజారైన రిచీ స్ట్రీట్‌లో ఒక్క సాయంత్రంలో చాలావరకు దొరికేస్తాయి: సన్నటి మొనల పట్టకారు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, గాలి కొట్టే రబ్బరు బుడ్డి, దూది పుల్లలు, తలకి పెట్టుకునే భూతద్దం. స్క్రూడ్రైవర్ల దగ్గర మాత్రం తొందరపడకూడదు. జపాన్ కెమెరాల్లో ప్లస్ గుర్తు స్క్రూలు మామూలు ఫిలిప్స్ స్క్రూల్లా కనిపిస్తాయి కానీ అవి జేఐఎస్ అనే జపాన్ ప్రమాణంలోవి, గాడి ఆకారం వేరు. మామూలు ఫిలిప్స్ డ్రైవర్ పెట్టి గట్టిగా తిప్పితే అది గాడిలోంచి పైకి జారి స్క్రూ తలని కొరికేస్తుంది. మామయ్య కెమెరా పైభాగంలో రెండు స్క్రూలకి ఆ గాయాలు ఉన్నాయి. ఎప్పుడో ఎవరో తొందరలో చేసిన పని. నలభై ఏళ్ళుగా బిగుసుకున్న స్క్రూ రాకపోతే దాని తల మీద ఒక చుక్క ఆల్కహాల్ వేసి, కాసేపు ఆగి, డ్రైవర్‌ని కిందికి బలంగా అదిమి, కొంచెమే తిప్పి చూడాలి. బలం తిప్పడంలో కాదు, అదమడంలో ఉండాలి. జేఐఎస్ డ్రైవర్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సి వచ్చింది. మొత్తం పనిలో నేను పెట్టిన ఖర్చుల్లో దానికన్నా సార్థకమైంది లేదు.

తెల్లటి తువ్వాలు పరిచి దాని మీద పని చేయాలి, జారిన స్క్రూ ఎగిరిపోకుండా అక్కడే ఉంటుంది. విప్పిన ప్రతి స్క్రూని కాగితం మీద గీసిన బొమ్మలో దాని చోట టేపుతో అంటించాలి. పక్కపక్క స్క్రూలు ఒకేలా కనిపించినా పొడుగులో తేడా ఉండొచ్చు, పొడుగుది పొట్టిదాని చోట బిగిస్తే లోపల ఏదో ఒకదాన్ని పొడుస్తుంది. ప్రతి అడుగుకీ ఫోన్‌తో ఫోటో.

యాషికా ముందు పలక మీద లెన్సుల చుట్టూ ఉన్న తోలు ముక్కని అంచు నుంచి ఆల్కహాల్ తడితో మెల్లగా లేపితే కింద స్క్రూలు కనిపిస్తాయి. కింది లెన్సు ముందు భాగం మర మీద ఉంటుంది. గుండ్రటి రబ్బరు ముక్క ఒకటి దాని మీద అదిమి ఎడమ వైపుకి తిప్పితే ఊడి వస్తుంది. అది బయటికి రాగానే షట్టర్ రేకులు ఎదురుగా కనిపిస్తాయి. పొడిగా, బూడిద రంగులో ఉండాల్సిన రేకుల మీద ఇంద్రధనుస్సు రంగులు మెరిశాయంటే అది నూనె. దాని చుట్టూ ఉన్న షట్టర్ మూత తీస్తే లోపల ఆ పళ్ళ చక్రాల వరుస ఉంటుంది. చివర ఒక చిన్న కొక్కెం అటూ ఇటూ ఊగుతూ చక్రాన్ని పన్ను పన్నుగా వదులుతుంది. మామయ్య కెమెరాలో ఆ కొక్కెం ఇరుసు దగ్గర గ్రీజు, చలికాలం గిన్నెలో పేరుకున్న నెయ్యిలా, గోధుమరంగులో గట్టిపడి ఉంది.

దాన్ని కరిగించేది నాఫ్తా, సిగరెట్ లైటర్లలో పోసే ద్రవం. ఇది భగ్గుమని అంటుకునే సరుకు. కిటికీలు తెరిచి, వంటింట్లో గ్యాసు ఆపి, దేవుడి దగ్గర దీపం కొండెక్కాకే సీసా మూత తీయాలి. సన్నటి బ్రష్షుతో ఒక చుక్క ఇరుసు మీద వేసి, షట్టర్ ఎక్కించి ఒక సెకను దగ్గర వదిలాను. ఏమీ కాలేదు. దూది పుల్లతో అద్దాను, గోధుమరంగు మరక వచ్చింది. మళ్ళీ చుక్క, మళ్ళీ షట్టర్, మళ్ళీ అద్దడం. అద్దడం మానేస్తే కరిగిన గ్రీజు ఇంకోచోటికి పారి అక్కడ ఆరిపోతుంది, అందుకే చుక్క వేసిన ప్రతిసారీ తీసేయాలి. అలా చేస్తూ పోతే ఒక దశలో కొక్కెం రెండు మూడు పళ్ళు నడిచి ఆగింది. తర్వాత సగం దాకా వచ్చింది. తర్వాత ఒక్కసారిగా మొత్తం వరుస తిరిగింది. గుర్ర్‌ర్ అని ఎక్కడా తెగకుండా సాగి టక్కున మూసుకుంది. మామయ్య స్టూడియోలో చిన్నప్పుడు, లైట్లు చాలక ఆయన ఒక సెకను ఎక్స్‌పోజరు పెట్టి "కదలొద్దు" అన్నప్పుడు విన్న చప్పుడు అదే.

ఆ తర్వాత కూడా వెంటనే మూసేయకూడదు. నాఫ్తా పూర్తిగా ఆరనిచ్చి, మర్నాడు మళ్ళీ అన్ని వేగాలూ చూడాలి. తడిగా ఉన్నప్పుడు బాగా తిరిగి, ఆరాక మొరాయించిందంటే మురికి ఇంకా ఉందన్నమాట.

వేగాలు నిజంగా సరిగ్గా ఉన్నాయో లేదో కొలవడానికి ల్యాబు అవసరం లేదు. ఫోన్‌లో సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్ ఉంటే చాలు. కెమెరా వెనక తలుపు తెరిచి, ముందు వెలుతురు పెట్టి, వెనక నుంచి ఫోన్‌తో వీడియో తీయాలి. 1/30 అయితే షట్టర్ 8 ఫ్రేముల్లో తెరిచి కనిపించాలి, 1/15 అయితే 16. ఒక సెకను, అర సెకను లాంటి వాటికి చప్పుడు రికార్డు చేసి, తెరుచుకున్న శబ్దానికీ మూసుకున్న శబ్దానికీ మధ్య దూరం చూసుకుంటే సరిపోతుంది. 1/500ని ఇలా కొలవలేం, ఫోన్ ఫ్రేముల మధ్య దూరమే దానికన్నా ఎక్కువ. దాన్ని రీలు వేసి నెగెటివ్ చూసే తేల్చుకోవాలి. పాత లీఫ్ షట్టర్లు అన్నిటికన్నా పై వేగంలో చెప్పినదానికన్నా కాస్త నెమ్మదిగా ఉండడం మామూలే, దానికి టెన్షన్ పడక్కర్లేదు.

ఇంటి మరమ్మతుని నేను ఇంత గట్టిగా సమర్థిస్తున్నాను కాబట్టి ఎక్కడ ఆగాలో కూడా అంతే గట్టిగా చెప్పాలి. శుభ్రం చేయడం వేరు, సర్దుబాటు చేయడం వేరు. షట్టర్ వేగాన్ని నిర్ణయించే స్క్రూలు, స్ప్రింగుల బిగువు, చక్రాల వరుస కూర్చున్న చోటు, వీటి జోలికి నేను పోలేదు. ఫ్యాక్టరీలో ఎవరో కొలిచి పెట్టిన సర్దుబాటది, మురికి వదిలితే అదే తిరిగొస్తుంది. షట్టర్‌ని ముక్కలుముక్కలుగా విప్పే పని కూడా మొదటి కెమెరాతో వద్దు. సెల్ఫ్ టైమర్ ఇరుక్కుని ఉంటే దాన్ని బలవంతంగా కదపొద్దు, దాని వల్ల షట్టర్ మొత్తం బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. ఫ్లాష్ లోపలే ఉండే చిన్న ఆటోమేటిక్ కెమెరాలని అసలు విప్పొద్దు. వాటిలో ఫ్లాష్ కెపాసిటర్ దాదాపు 300 వోల్టులు పట్టి ఉంచుతుంది, బ్యాటరీ తీసేసినా అది అలాగే ఉండొచ్చు. లెన్సు ముందు భాగాన్ని తిప్పి ఫోకస్ చేసే పాత మడత కెమెరాల్లో ఆ భాగం ఊడదీస్తే ఫోకస్ మారిపోతుంది, మళ్ళీ సరిచేసుకోవాల్సి వస్తుంది. యాషికాలో ముందు పలక మొత్తం కదులుతుంది కాబట్టి లెన్సుని తీసి, మర చివరిదాకా బిగిస్తే సరిపోయింది.

మొట్టమొదట విప్పేవాళ్ళకి నేనిచ్చే సలహా ఆగ్ఫా క్లిక్ త్రీ. బరోడాలో తయారైన కెమెరా, మన ఇళ్ళల్లో ఇప్పటికీ చాలానే ఉన్నాయి. లోపల ఒక చిన్న లెన్సు, ఒక స్ప్రింగు, ఒక రేకు, అంతే. చెయ్యి తిరగడానికి అంతకన్నా మంచిది లేదు.

మిగతా పనులు త్వరగానే అయిపోయాయి. ఫంగస్ లెన్సు వెనక వైపు అంచున ఒక మూలే ఉంది. మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని దూదికి కొంచెం తడిపి తుడిచి, ఆ తడిని డిస్టిల్డ్ వాటర్‌తో తీసేసి, ఆరబెట్టాను. పూత మీద గీతలు పడకుండా ముందు బుడ్డితో దుమ్ము ఊదేయడం ముఖ్యం. వెనక తలుపు చుట్టూ వెలుతురు రాకుండా అంటించిన ఫోమ్ నల్లటి జిగురుగా మారిపోయింది. ఆ రోజుల్లో వాడిన ఫోమ్ తేమకి అలా కరిగిపోవడం మామూలే. దాన్ని ఆల్కహాల్‌తో గోకి తీసి కొత్త ఫోమ్ కత్తిరించి అంటించాను. తర్వాత చీకటి గదిలో ఫోన్ టార్చిని కెమెరా లోపల పెట్టి తలుపు మూసి, ఎక్కడైనా వెలుతురు చీలుతోందేమో చుట్టూ తిప్పి చూశాను. పై లెన్సు బొమ్మని గ్రౌండ్ గ్లాసు మీదికి మళ్ళించే అద్దం దగ్గర మాత్రం చెయ్యి తేలిగ్గా ఉండాలి. ఇందులో వెండి పూత గాజు పైనే ఉంటుంది, మన ఇంటి అద్దంలా వెనకాల కాదు. గట్టిగా రుద్దితే పూతే ఊడొస్తుంది. అందుకే కాస్త మసక మిగిలినా అలాగే వదిలేశాను. దాని వల్ల చూడ్డానికే ఇబ్బంది, ఫోటోకి కాదు.

వెలుతురుని కొలిచే లైట్ మీటర్ విషయంలో నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. ఇది పీఎక్స్ 625 అనే పాదరసం బ్యాటరీతో నడిచేది, 1.35 వోల్టులు. పాదరసం విషం కాబట్టి ఆ బ్యాటరీలు ఆపేశారు, ఆపడం మంచిదే. దాని బదులు మామూలు 1.5 వోల్టుల బటన్ సెల్ వేస్తే మీటర్ తప్పు చెబుతుంది. చెవి మిషన్లలో వేసే 675 జింక్ బ్యాటరీ 1.4 వోల్టులు ఇస్తుంది, చుట్టూ ఒక రింగు పెట్టి వాడొచ్చు, అయితే స్టిక్కరు పీకిన కొన్ని వారాలకే అయిపోతుంది. ఇంత తంటా పడి నడిపించినా లోపలి సెన్సారుకి వయసైపోయి ఉంటుంది. దాన్ని బాగుచేయడానికి పూనుకోవడం దండగని నా ఉద్దేశం. చెన్నై ఎండకి మీటర్ ఎందుకు? మిట్టమధ్యాహ్నం ఐఎస్‌ఓ 100 రీలు ఉంటే లెన్సు రంధ్రం ఎఫ్ 16, షట్టర్ 1/125 పెట్టి కొట్టండి. నీడలో ఫోన్ యాప్ చూసుకోండి.

ఫోకస్ పరీక్ష మేడ మీద చేశాను. రీలు ఉండే చోట పట్టాల మీద మసక టేపు బిగుతుగా అంటించి, షట్టర్‌ని బి దగ్గర (నొక్కి ఉంచినంతసేపూ తెరిచే ఉండే అమరిక) పెట్టి కేబుల్‌తో తెరిచి ఉంచి, వడపళని వైపు దూరంగా కనిపించే సెల్ టవర్‌కి గురిపెట్టాను. పై గ్రౌండ్ గ్లాసులో టవర్ కమ్ములు స్పష్టంగా కనపడే చోటే వెనక టేపు మీద కూడా స్పష్టంగా పడాలి. భూతద్దం పెట్టి రెండూ చూశాను. కలిశాయి. దగ్గరి దూరానికి గోడ మీద క్యాలెండరు అంకెలతో అదే పని మళ్ళీ చేశాను.

"ఇప్పుడా రీళ్ళు ఎక్కడివి, ఎంత ఖర్చు" అని అడిగేవాళ్ళకి నా జవాబు సూటిగానే ఉంటుంది. ఖర్చే. ఊటీలో 1960లో పెట్టిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్‌లో 1967 నుంచి రీళ్ళు తయారయ్యేవి, మామయ్య స్టూడియోలో బ్లాక్ అండ్ వైట్ పనికి వాళ్ళ ఇందు బ్రాండు రీళ్ళే ఎక్కువ వాడేవాడు. అది మూతపడ్డాక అంతా దిగుమతి సరుకే. కానీ 12 ఫోటోల రీలు కొన్నప్పుడు ఫోన్‌లో తీసినట్టు ఎడాపెడా కొట్టం. ఖర్చు తగ్గించుకోవాలంటే బ్లాక్ అండ్ వైట్ రీలు ఇంట్లోనే కడుక్కోవచ్చు. ఒక ట్యాంకు, రెండు మందులు, థర్మామీటరు చాలు. కడగడానికి చాలా మందుల లెక్క 20 డిగ్రీలకి ఇస్తారు, చెన్నైలో మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళు 30కి అటూ ఇటూ ఉంటాయి. ఐసు ముక్కలు నింపిన కవరు నీళ్ళలో ముంచి దించుకోవాలి, లేదా వేడికి తగ్గట్టు సమయం తగ్గించే పట్టిక చూసుకోవాలి.

ధర సంగతి కూడా చెప్పేస్తాను. "విప్పితే ఒరిజినల్ పోతుంది, రేటు పడిపోతుంది" అంటారు. 124జి అరుదైన కెమెరా కాదు, పదహారేళ్ళ పాటు తయారైంది. దీన్ని కొనేవాళ్ళు ఫోటోలు తీయడానికి కొంటారు. షట్టర్ తిరిగే యాషికాకి పలికే ధర తిరగనిదానికి రాదు. అసలు దీన్ని తయారు చేసినవాళ్ళే స్క్రూలతో బిగించారు, జిగురుతో అతికించలేదు. విప్పి బాగుచేసుకుంటారని తెలిసే అలా చేశారు. ఈ రోజు ఫోన్ బ్యాటరీ మార్చాలంటే వేడి చేసి జిగురు కరిగించాల్సిన గతి పట్టింది మనకి. చేతనైనవాడు విప్పుకోగలిగే వస్తువు ఇంట్లో ఉంచుకుని దాన్ని విప్పకుండా కాపాడుతున్నాం అనుకోవడం నాకు మింగుడుపడదు.

మొదటి రీలు గూడూరు తీసుకెళ్ళాను. అత్తయ్యని వరండాలో కూర్చోబెట్టి ఒక సెకనుకి ఒకటి, 1/30కి ఒకటి, ఎండలో 1/500కి ఒకటి తీశాను. నెగెటివ్ చూస్తే 1/500ది కాస్త చిక్కగా ఉంది, అంటే షట్టర్ నెమ్మదిగా ఉంది, అనుకున్నదే. మిగతావి సరిగ్గా వచ్చాయి. అత్తయ్యకి ప్రింట్ వేయించి ఇస్తే దాన్ని చూసి "మీ మామయ్య అయితే ఇంకొంచెం ఎడమకి తిరగమనేవాడు" అంది.

ఇప్పుడు కెమెరా గాలి దూరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంటుంది, తోలు కేసు వేరేగా ఉంది. జెల్ రంగు మారినప్పుడల్లా వేడిచేసి ఆరబెట్టి మళ్ళీ వేస్తాను. రీలు లేని నెలల్లో కూడా అన్ని వేగాల్లోనూ షట్టర్ కొన్నిసార్లు కొడతాను. మీ ఇంట్లో కెమెరా ఉంటే ఈ ఆదివారం బీరువాలోంచి తీయండి. ముందు వెనక తలుపు తెరిచి లెన్సులోకి టార్చి వేసి చూడండి, తర్వాత ఒక సెకను దగ్గర పెట్టి చెవి దగ్గర ఉంచుకుని నొక్కండి. ఆ చప్పుడు మధ్యలో తెగినా, అసలు రాకపోయినా, రిచీ స్ట్రీట్ ఆదివారం మూసి ఉంటుంది కాబట్టి సోమవారం వెళ్ళి పనిముట్లు కొనుక్కోండి.